డ్యాట్‌లో 17 వచ్చిన విద్యార్థినికి డెంటల్ స్కూళ్ల ఎంపిక: ఒక కేస్ స్టడీ

అమెరికాలో దంతవైద్య కళాశాలలకు దరఖాస్తు చేసుకునే విద్యార్థులకు సలహా ఇవ్వడం నా వృత్తి. 2023 మే నెలలో నార్త్ కరోలినా నుంచి ఒక తెలుగు కుటుంబం నన్ను సంప్రదించింది. వారి అమ్మాయి ఆ నెల మొదటి వారంలోనే డెంటల్ అడ్మిషన్ టెస్ట్, అంటే వాడుకలో డ్యాట్, రాసింది. అకడమిక్ యావరేజ్ 17 వచ్చింది. అప్పట్లో స్కోరు 1 నుంచి 30 వరకు ఉండేది. దేశం మొత్తం మీద డెంటల్ స్కూళ్లలో చేరుతున్నవారి సగటు 20 దాకా ఉండేది. కాబట్టి 17 తక్కువ స్కోరే. ఆ మాటను మెత్తగా చుట్టి చెప్పడం వల్ల విద్యార్థికి మేలు జరగదు, ఎందుకంటే ఆ తరువాత తీసుకునే నిర్ణయాలన్నీ ఆ లోటును ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం మీదే ఆధారపడతాయి.

తండ్రి అప్పటికే ఒక జాబితా తయారు చేసుకుని వచ్చారు. స్కూళ్లన్నింటి సగటు డ్యాట్ స్కోర్లను ఎక్సెల్‌లోకి ఎక్కించి, తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెట్టి, పైనున్న పదిహేను స్కూళ్లకు పసుపు రంగు వేశారు. “సార్, ఈ పదిహేనుకూ వేసేద్దాం, ఏదో ఒకటి రాకపోతుందా” అన్నారు. తక్కువ స్కోరుతో నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఇలాగే మొదలుపెడతారు. ఆ పద్ధతి ఎందుకు పనిచేయదో, దాని స్థానంలో మేము ఏం చేశామో చెప్పడానికి ఈ కేసును ఆ విద్యార్థిని అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఏ స్కూలు ఏ జవాబు ఇచ్చిందో పేరు పెట్టి చెప్పడం లేదు.

విద్యార్థిని నేపథ్యం

ఆమె చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఈ దేశానికి వచ్చింది. హైస్కూల్లో ఉండగా కుటుంబానికి గ్రీన్ కార్డు వచ్చింది. రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బయాలజీ చదువుతూ మూడో సంవత్సరం ముగిస్తోంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ ప్రకారం జీపీఏ 3.71. అయితే డెంటల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు విధానమైన ఆడ్‌సాస్ తన లెక్క తానే వేసుకుంటుంది. మొదటి సంవత్సరంలో జనరల్ కెమిస్ట్రీలో సీ గ్రేడు వచ్చి, అదే కోర్సు మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నప్పుడు విశ్వవిద్యాలయం పాత గ్రేడును తీసివేసింది కానీ ఆడ్‌సాస్ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ లెక్క ప్రకారం మొత్తం జీపీఏ 3.62కు, సైన్స్ జీపీఏ 3.48కు దిగాయి. ఈ తేడా సంగతి ఆ కుటుంబానికి అప్పటిదాకా తెలియదు. స్కూళ్లు చూసేది ఆడ్‌సాస్ వేసిన ఈ లెక్కనే కనుక జాబితా వేయడానికి ముందే దీన్ని చేతితో లెక్కకట్టి చూసుకోవడం అవసరం.

ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో సుమారు 120 గంటల షాడోయింగ్, అంటే వైద్యుడి పక్కనే ఉండి పనిని గమనించిన అనుభవం, ఉంది. దానికి మించి, నార్త్ కరోలినా మిషన్స్ ఆఫ్ మెర్సీ అనే ఉచిత సంచార దంతవైద్య శిబిరాల్లో రెండేళ్లుగా పనిచేస్తోంది. ఎక్కువసార్లు వెళ్లింది రాష్ట్రం పడమటి భాగంలోని కొండ ప్రాంతపు శిబిరాలకు. ఈ సంగతి ఆమె మొదటి సమావేశంలో చివరి పది నిమిషాల్లో, అది పెద్ద విషయం కాదన్నట్టు చెప్పింది. మా జాబితా చివరికి చాలావరకు దాని మీదే నిలిచింది.

స్కోరును విడదీసి చూడటం

డ్యాట్ స్కోరు ఒకే అంకె కాదు. క్వాంటిటేటివ్ రీజనింగ్, రీడింగ్ కాంప్రహెన్షన్, బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ అనే ఐదింటి సగటే అకడమిక్ యావరేజ్. పెర్సెప్చువల్ ఎబిలిటీ టెస్ట్, అంటే ప్యాట్, ఆ సగటులో చేరదు. దాని స్కోరు విడిగా ఉంటుంది. ఈ అమ్మాయికి క్వాంటిటేటివ్‌లో 18, రీడింగ్‌లో 19, బయాలజీలో 17, జనరల్ కెమిస్ట్రీలో 16, ఆర్గానిక్‌లో 15 వచ్చాయి. ప్యాట్‌లో 20. కోణాలను పోల్చడం, మడతపెట్టి రంధ్రం చేసిన కాగితాన్ని విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం, ఘనాలను లెక్కించడం వంటి ప్రశ్నలుండే ఆ భాగంలో ఆమెకు ఇబ్బంది లేదు.

ఇక్కడ నన్ను ఆపిన అంకె ఆర్గానిక్‌లోని 15. కాలేజీలో ఆమెకు ఆర్గానిక్ రెండు సెమిస్టర్లలోనూ బీ ప్లస్, ఏ మైనస్ వచ్చాయి. జనరల్ కెమిస్ట్రీ 16 వెనుక పాత సీ గ్రేడు నీడ ఉందనుకోవచ్చు. ఆర్గానిక్ విషయంలో మాత్రం చదువుకూ స్కోరుకూ పొంతన కుదరలేదు. పరీక్షలో ఏం జరిగిందో నిమిషాల వారీగా చెప్పమన్నాను. సైన్స్ సెక్షన్‌లో మూడు సబ్జెక్టులూ కలిపి 100 ప్రశ్నలకు 90 నిమిషాలు. మొదట బయాలజీ 40, తరువాత జనరల్ కెమిస్ట్రీ 30, చివర ఆర్గానిక్ 30. ఆమె వరుసగా వెళ్లింది. బయాలజీకి నలభై నిమిషాలకు పైగా పట్టింది, లెక్కలున్న జనరల్ కెమిస్ట్రీకి మరో అరగంట దాటింది. “ఆర్గానిక్‌కు వచ్చేసరికి పదిహేను నిమిషాలే ఉన్నాయి సార్, చివరి ప్రశ్నలు చదవకుండానే ఏదో ఒకటి క్లిక్ చేశాను” అంది.

తక్కువ స్కోరుకు కారణం విషయ జ్ఞానం లేకపోవడమా, సమయం చాలకపోవడమా అన్నది తేలకుండా స్కూళ్ల ఎంపిక గురించి మాట్లాడటంలో అర్థం లేదని నా అభిప్రాయం. మొదటిదైతే మళ్లీ రాసినా వెంటనే పెద్దగా మారదు. ఆ సంవత్సరానికి దరఖాస్తు ఆపుకోవడమే మంచిదని చెప్పాల్సి వస్తుంది. రెండోదైతే కొన్ని వారాల సాధనతో మారుతుంది. ఈమెది ఎక్కువగా రెండోదే. సెక్షన్ లోపల ప్రశ్నల మధ్య ముందుకూ వెనక్కూ వెళ్లే వీలుంది కనుక, నేరుగా 71వ ప్రశ్నకు వెళ్లి ఆర్గానిక్‌తో మొదలుపెట్టి, తరువాత బయాలజీ, చివర జనరల్ కెమిస్ట్రీ చేసేలా సాధన చేయించాను. జనరల్ కెమిస్ట్రీని చివర పెట్టడానికి కారణం, అందులో ఒక్కో ప్రశ్నకు పట్టే సమయం ఎక్కువ, మార్కు మాత్రం అంతే.

తండ్రి జాబితాలోని చిక్కు

ఒక స్కూలు సగటు స్కోరు తక్కువగా ఉందంటే అక్కడ ప్రవేశం సులువని చాలామంది అనుకుంటారు. సగటు అనేది ఆ స్కూలు ఎవరి నుంచి ఎంపిక చేసుకుంటోందో, ఆ ఎంపికలో వేటికి విలువ ఇస్తోందో వాటి ఫలితం. తలుపు బయట నిలబడినవారికి ఆ అంకె ఏ హక్కునూ ఇవ్వదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే పసుపు రంగు వేసిన పదిహేను గళ్లలో చాలావాటికి రంగు తీసేయాల్సి వస్తుంది.

ఆ జాబితాలో ప్యూర్టో రికో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదవాలంటే స్పానిష్ ధారాళంగా రావాలి. ఈ అమ్మాయికి రాదు. తమ రాష్ట్రవాసులకే సీట్లిచ్చే, లేదా బయటివారికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సీట్లే కేటాయించే ఇతర రాష్ట్రాల ప్రభుత్వ స్కూళ్లు కొన్ని ఉన్నాయి. వాటికి దరఖాస్తు రుసుము కట్టడం వృథా.

హోవర్డ్, మెహారీ కూడా ఉన్నాయి. వాటి దంతవైద్య విద్య వరుసగా 1881లో, 1886లో మొదలైంది. మిగతా కళాశాలల తలుపులు నల్లజాతి విద్యార్థులకు మూసి ఉన్న కాలంలో అవి దంతవైద్యులను తయారు చేశాయి, వైద్యం అందని సమాజాలకు సేవ చేయడం ఇప్పటికీ వాటి ప్రధాన లక్ష్యం. రెండూ అన్ని నేపథ్యాల విద్యార్థులనూ తీసుకుంటాయి. ఆ లక్ష్యంతో నిజమైన సంబంధం ఉన్నవారు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు, చేయాలి కూడా. ‘అక్కడ సగటు తక్కువ’ అన్న ఒక్క కారణంతో చేయడం మాత్రం ఆ చరిత్ర పట్ల అగౌరవం అని ఆ తండ్రికి స్పష్టంగానే చెప్పాను. దరఖాస్తులు చదివేవారికి అది మొదటి వ్యాసంలోనే తెలిసిపోతుంది.

ఆయన జాబితాలో న్యూయార్క్ విశ్వవిద్యాలయం కూడా వేరే కారణంతో చేరింది: ఒక్కో తరగతిలో 350 మందికి పైగా విద్యార్థులుంటారు కదా, అన్ని సీట్లలో ఒకటి దొరకదా అని. సీట్లు ఎక్కువున్న చోట దరఖాస్తులూ వేల సంఖ్యలో ఉంటాయి. ఖర్చు సంగతి సరేసరి. అది కూడా తీసేశాము.

సొంత రాష్ట్రం

ఇతర రాష్ట్రాల తలుపులు మూసే నిబంధనే సొంత రాష్ట్రంలో తలుపు తెరుస్తుంది. ఈ కుటుంబం పట్టించుకోని విషయం ఇదే. గ్రీన్‌విల్‌లోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయపు దంతవైద్య కళాశాల 2011లో మొదటి తరగతిని చేర్చుకుంది. అక్కడ నార్త్ కరోలినా వాసులకు మాత్రమే ప్రవేశం. తరగతికి 50 మందికి అటూ ఇటూగా ఉంటారు. రాష్ట్రంలోని 100 కౌంటీలలో దంతవైద్యులు చాలినంత లేని, కొన్నిచోట్ల ఒక్కరూ లేని గ్రామీణ ప్రాంతాలకు వైద్యులను తయారు చేయడం దాని ధ్యేయం. అందుకోసం రాష్ట్రం నలుమూలలా ఎనిమిది కమ్యూనిటీ సర్వీస్ లెర్నింగ్ సెంటర్లు నడుపుతోంది, నాలుగో సంవత్సరం విద్యార్థులు వాటిలోనే రోగులకు చికిత్స చేస్తూ శిక్షణ పొందుతారు. దేశం మొత్తం మీద ఈ స్కూలుకు పోటీపడే అర్హత ఉన్నవారు ఒక్క రాష్ట్రపు విద్యార్థులే. వారిలో కొండ ప్రాంతపు ఉచిత శిబిరాల్లో రెండేళ్లు పనిచేసినవారు ఎందరుంటారో ఆ కుటుంబాన్నే ఆలోచించమన్నాను. తండ్రి పట్టికలో ఆ స్కూలు సగటు వరుస ప్రకారం ఎక్కడో మధ్యలో ఉండి, రంగు లేకుండా మిగిలిపోయింది.

రెండోది చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు ఆడమ్స్ స్కూల్. అక్కడ పోటీ గట్టిదే అయినా సీట్లలో ఎక్కువ భాగం రాష్ట్రవాసులకే వెళ్తుంది కనుక దాన్ని జాబితాలో ఉంచాము. ఇప్పుడైతే 2024లో మొదలైన హై పాయింట్ విశ్వవిద్యాలయం కూడా ఆ రాష్ట్రంలో ఉంది. అది ప్రైవేటు కనుక ఫీజు లెక్క వేరు.

రాష్ట్రవాసి అనిపించుకోవడానికి ఆ రాష్ట్రంలో ఇల్లుంటే చాలదు. నార్త్ కరోలినాలో రెసిడెన్సీ డిటర్మినేషన్ సర్వీస్ అనే వ్యవస్థ ద్వారా దాన్ని నిర్ధారించుకోవాలి. గ్రీన్ కార్డు ఉండటం వల్ల ఈ అమ్మాయికి ఇబ్బంది రాలేదు. మన కుటుంబాల్లో ఎంతోమంది పిల్లలు హెచ్-4 వీసా మీదే కాలేజీ దాకా వస్తున్నారు. వారికి ఫెడరల్ రుణాలు రావు. 21 ఏళ్లు నిండితే ఆ వీసా చెల్లదు, విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారాల్సి ఉంటుంది. చాలా ప్రభుత్వ స్కూళ్లు పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారినే పరిశీలిస్తాయి. అలాంటి విద్యార్థికి ఈ వ్యాసంలోని జాబితా పనికిరాదు. స్కోరు ఎంతన్న ప్రశ్నకంటే ముందు, ఏ స్కూళ్లు తన దరఖాస్తును అసలు తెరిచి చూస్తాయన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.

మళ్లీ రాయడం, రెండు విడతల దరఖాస్తు

మళ్లీ పరీక్ష రాయాలా, ఉన్న స్కోరుతోనే వెళ్లాలా అన్న చర్చ ఆ ఇంట్లో గట్టిగానే జరిగింది. తల్లికి ఇష్టం లేదు. రెండోసారి ఇంకా తగ్గితే అది కూడా స్కూళ్లకు కనబడుతుందని ఆమె భయం. అది న్యాయమైన భయమే, ఎందుకంటే స్కోరు నివేదికలో పాత ప్రయత్నాలూ కనిపిస్తాయి. రెండు ప్రయత్నాల మధ్య 60 రోజుల గడువు ఉండాలి, మూడుసార్లు రాసిన తరువాత మళ్లీ రాయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే ‘చూద్దాం’ అని రాసే పరీక్ష కాదిది. సాధన పరీక్షల్లో వరుసగా మూడుసార్లు ఏ సెక్షన్‌లోనూ 17కు తగ్గకుండా వస్తేనే తేదీ బుక్ చేద్దామని షరతు పెట్టుకున్నాము. నా దృష్టిలో సగటును 17 నుంచి 18కి పెంచడం కంటే ఆ 15ను తుడిచేయడం ముఖ్యం. కొన్ని స్కూళ్లు సగటుకే కాక సెక్షన్లకు కూడా కనీస స్కోరు పెట్టుకుంటాయి; అలాంటి చోట ఒక్క 15 ఉంటే మిగతా దరఖాస్తు ఎంత బాగున్నా ఎవరూ చదవరు.

ప్రత్యేక మాస్టర్స్ కోర్సు చేస్తే ఎలా ఉంటుందని తండ్రి అడిగారు. ఆ కోర్సులు జీపీఏ బలహీనంగా ఉన్నవారికి పనికొస్తాయి. ఈమె జీపీఏలో పెద్ద లోటు లేదు. ఏడాది కాలం, వేల డాలర్లు ఖర్చుపెట్టి ఉన్నదాన్నే మళ్లీ నిరూపించుకోవడం అనవసరం.

దరఖాస్తుల కాలక్రమం ఇక్కడ కీలకమైంది. ఆడ్‌సాస్ మే నెలలో తెరుచుకుంటుంది, వేసవి ఆరంభంలోనే సమర్పించవచ్చు. చాలా స్కూళ్లు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చదువుతూ ఇంటర్వ్యూలకు పిలుస్తాయి కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ సీట్లు తగ్గుతాయి. కొత్త స్కోరు వచ్చే ఆగస్టు దాకా ఆగితే, ఆ తరువాత ట్రాన్స్‌క్రిప్టుల పరిశీలనకు మరికొన్ని వారాలు పోతాయి. అందువల్ల దరఖాస్తును జూన్‌లోనే పంపాము, కానీ సొంత రాష్ట్రపు రెండు స్కూళ్లను మాత్రమే ఎంచుకున్నాము. రెండో పరీక్ష తేదీని అందులో నమోదు చేశాము. ఆడ్‌సాస్‌లో సమర్పించిన తరువాత కూడా స్కూళ్లను చేర్చుకోవచ్చు. పరిశీలన జూలైలో పూర్తయింది, కొత్త స్కోరు వచ్చిన రోజే మిగతా స్కూళ్లను చేర్చాము. దీనివల్ల బయటి స్కూళ్లు ఆమె దరఖాస్తును తెరిచేసరికే రెండు స్కోర్లూ పక్కపక్కన ఉన్నాయి, సమయమూ వృథా కాలేదు.

ఆగస్టు మధ్యలో వచ్చిన స్కోరు: క్వాంటిటేటివ్ 18, రీడింగ్ 20, బయాలజీ 18, జనరల్ కెమిస్ట్రీ 17, ఆర్గానిక్ 18. అకడమిక్ యావరేజ్ 18, ప్యాట్ మళ్లీ 20. జాతీయ సగటు కంటే ఇంకా తక్కువే. అయితే ఇప్పుడు ఎక్కడా లోతైన గుంట లేదు, ఆర్గానిక్ స్కోరు కాలేజీ గ్రేడ్లకు దగ్గరగా వచ్చింది.

బయటి స్కూళ్లను ఎలా ఏరాము

ఒక్కో స్కూలు దగ్గరా నేను ఆమెనే జవాబు చెప్పమన్న ప్రశ్న ఇది: ఈ స్కూలు ఎవరి కోసం పుట్టింది, దానికి నీ దగ్గర ఉన్న రుజువు ఏమిటి? జవాబు ఒక పేరాలో రాయలేకపోతే ఆ స్కూలు జాబితాలోంచి పోతుంది.

టెనెస్సీలోని నాక్స్‌విల్‌లో లింకన్ మెమోరియల్ విశ్వవిద్యాలయం 2022లో దంతవైద్య కళాశాల ప్రారంభించింది. అపలాచియన్ కొండ ప్రాంతాలకు వైద్యులను అందించడం దాని లక్ష్యం. ఆమె పనిచేసిన శిబిరాలు అదే కొండల వరుసలో, సరిహద్దుకు ఇవతలి వైపున జరిగాయి. పేరా సునాయాసంగా వచ్చింది, స్కూలు నిలిచింది. అది కొత్త స్కూలు కదా అన్న సందేహం తల్లి వెలిబుచ్చారు. మొదటి తరగతి పట్టా పుచ్చుకునే దాకా కొత్త స్కూళ్లకు గుర్తింపు సంస్థ కోడా ‘ప్రారంభ గుర్తింపు’ మాత్రమే ఇస్తుంది; దానితో చదివినవారికి కూడా లైసెన్సుకు అర్హత ఉంటుంది. సీనియర్ల అనుభవం అందుబాటులో ఉండదన్నది మాత్రం నిజమే, దాన్ని ఆమెకు దాచకుండా చెప్పాను.

మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం కూడా 2013 నుంచి గ్రామీణ సేవా లక్ష్యంతోనే నడుస్తోంది. కానీ అక్కడి దృష్టి ఈశాన్య రాష్ట్రాల మీద ఉంది, ఆమెకు ఆ ప్రాంతంతో ఏ సంబంధమూ లేదు. ఎంత ప్రయత్నించినా పేరా కుదరలేదు, తీసేశాము. మిస్సోరిలోని కర్క్స్‌విల్‌లో ఏ.టీ. స్టిల్ విశ్వవిద్యాలయం నడిపే స్కూలు సమాజ సేవకు చాలా విలువ ఇస్తుంది కనుక ఉంచాము. ఫ్లోరిడాలోని బ్రాడెన్‌టన్‌లో ఉన్న లీకామ్ స్కూల్లో ఉపన్యాసాల కంటే చిన్న బృందాలుగా కూర్చుని కేసుల ఆధారంగా సొంతంగా చదువుకోవడం ఎక్కువ. రీడింగ్‌లో 20 ఉన్న, ఒంటరిగా చదువుకోవడానికి అలవాటుపడిన ఈ అమ్మాయికి ఆ పద్ధతి సరిపోతుందనిపించింది. పొరుగున ఉన్న రిచ్‌మండ్‌లోని వర్జీనియా కామన్‌వెల్త్, కెంటకీలోని లూయీవిల్ విశ్వవిద్యాలయం రెండూ ప్రభుత్వ స్కూళ్లే అయినా బయటి రాష్ట్రాలవారిని గణనీయంగా తీసుకుంటాయి. అందువల్ల వాటినీ చేర్చాము. ఇక్కడ వివరించని మరో రెండింటితో కలిపి మొత్తం తొమ్మిది స్కూళ్లు తేలాయి. తండ్రి రంగు వేసిన పదిహేనులో మిగిలినవి మూడు.

వ్యాసాల గురించి క్లుప్తంగానే చెబుతాను. ఆడ్‌సాస్ ప్రధాన వ్యాసానికి ఖాళీలతో కలిపి 4,500 అక్షరాల పరిమితి ఉంది. అందులో డ్యాట్ ప్రస్తావన ఒక్క ముక్క కూడా ఉండకూడదని పట్టుబట్టాను. స్కూళ్లు ఆడ్‌సాస్‌కు అదనంగా విడిగా పంపే సెకండరీ దరఖాస్తుల్లో స్కోరు గురించి అడిగే ప్రశ్నకు మాత్రం రెండు వాక్యాల్లో, సాకు చెప్పకుండా, సమయం ఎక్కడ తప్పిందో, ఏం మార్చుకుందో రాసింది. ప్రధాన వ్యాసపు మొదటి ముసాయిదాలో ‘నాకు సేవ చేయడమంటే ఇష్టం’ వంటి వాక్యాలు నిండి ఉన్నాయి. “అమ్మా, ఆ శిబిరంలో నీ కళ్లారా చూసిన ఒక్క మనిషి గురించి చెప్పు” అన్నాను. పరికరాలను శుద్ధి చేసే బల్ల దగ్గర ఆమె పని. తెల్లవారుజామునే వచ్చి వరుసలో నిలబడిన ఒక లారీ డ్రైవరు, విరిగిన దవడ పన్నుతో ఏడాదిగా ఒక వైపే నమలుతున్నానని చెప్పాడట. పన్ను తీసిన తరువాత అతను అడిగిన మొదటి మాట, ఇంకో మూడు ఉన్నాయి, అవి కూడా ఇవాళే తీస్తారా అని. మళ్లీ శిబిరం ఎప్పుడు వస్తుందో, ఆ రోజు తనకు సెలవు దొరుకుతుందో లేదో అతనికి తెలియదు. ఆమె ఆ ప్రశ్న చుట్టూ వ్యాసం మొత్తం తిరగరాసింది: బాగు చేయగలిగిన పళ్లను కూడా తీసేయమని మనిషి ఎందుకు అడుగుతాడు, దగ్గరలో ఒక క్లినిక్ ఉంటే ఏం అడిగేవాడు అని. ఈస్ట్ కరోలినా, లింకన్ మెమోరియల్ వంటి స్కూళ్లు తమను తాము ఏ ప్రశ్నకు జవాబుగా భావించుకుంటాయో, ఆ ప్రశ్న ఆ వ్యాసంలో ఉంది.

ఫలితం

తొమ్మిదింటిలో నాలుగు స్కూళ్లు ఇంటర్వ్యూకు పిలిచాయి. నాలుగూ ఆమె పేరా రాయగలిగినవే, అందులో ఒకటి సొంత రాష్ట్రపు ప్రభుత్వ స్కూలు. స్కూళ్లు సీట్లు ప్రకటించడం మొదలుపెట్టే డిసెంబరు 15న బయటి రాష్ట్రపు ఒక ప్రైవేటు స్కూలు నుంచి ప్రవేశం ఖాయమని కబురు వచ్చింది. ఒకటి నిరాకరించింది, మరొకటి వెయిట్‌లిస్టులో పెట్టింది. సొంత రాష్ట్రపు స్కూలు మార్చిలో సీటిచ్చింది. ఆమె అక్కడే చేరింది. మిగతా ఐదు స్కూళ్లు ఇంటర్వ్యూకు పిలవలేదు. వాటిలో కనీసం రెండింటి విషయంలో కారణం స్కోరేనని నాకనిపిస్తుంది.

మొదటి స్కోరుతోనే వెళ్లి ఉంటే సొంత రాష్ట్రం పిలిచేదా అని ఆ తల్లి తరువాత అడిగారు. పిలిచి ఉండవచ్చు. ఆ 15తో బయటి ప్రైవేటు స్కూలు పిలిచేది కాదని మాత్రం నమ్ముతున్నాను. ఆ సీటు చేతిలో ఉండటం వల్లే మార్చి దాకా ఆ కుటుంబం నిబ్బరంగా ఎదురుచూడగలిగింది.

ఇప్పుడు దరఖాస్తు చేసేవారికి

ఈ కేసులోని అంకెలను నేరుగా వాడుకోవద్దు. 2025 మార్చి 1 నుంచి డ్యాట్ స్కోరు 200 నుంచి 600 వరకు, పదేసి పాయింట్ల అంతరంతో ఇస్తున్నారు. పాత 17ను ఏదో ఒక గుణకంతో హెచ్చించి కొత్త స్కోరుగా మార్చుకోవడం కుదరదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన పోలిక పట్టికను, పర్సంటైళ్లను చూడాలి. పాత స్కేలులో రాసిన సలహాలు ఇంకా చాలాచోట్ల కనిపిస్తున్నాయి కనుక తేదీ చూడకుండా ఏదీ నమ్మవద్దు.

దీనికంటే పెద్ద మార్పు డబ్బు విషయంలో వచ్చింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ ఫెడరల్ రుణాలు లేవు. వృత్తి విద్య చదివేవారికి ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లకు, మొత్తం మీద 2,00,000 డాలర్లకు పరిమితమైంది. ఇంతకుముందు స్కూలు చెప్పిన ఖర్చు మొత్తాన్నీ ఫెడరల్ రుణంగా తీసుకునే వీలుండేది. అందువల్ల తక్కువ స్కోరు ఉన్నవారికి ‘ముందు సీటు రానీ, ఫీజు సంగతి తరువాత’ అనే దారి ఉండేది. అప్పు చేసి చదివినవారు సగటున 3 లక్షల డాలర్ల అప్పుతో పట్టా పుచ్చుకుంటున్న చదువు ఇది. ఇప్పుడు పరిమితికి మించిన సొమ్మును ప్రైవేటు రుణంగా తెచ్చుకోవాలి, దానికి సాధారణంగా తల్లిదండ్రులు హామీ సంతకం చేయాలి.

ఈ అమ్మాయికి డిసెంబరులో వచ్చిన ప్రైవేటు సీటునే తీసుకుంటే, జీవన వ్యయంతో కలిపి ఏడాది ఖర్చు లక్ష డాలర్లు దాటింది. కొత్త నిబంధనల కింద ఏటా 50,000 డాలర్లకు పైగా, నాలుగేళ్లకు 2 లక్షల డాలర్లకు పైగా ప్రైవేటు రుణం అవసరమయ్యేది. అందుకే ఈ ఏడాది నా దగ్గరికి వస్తున్న కుటుంబాలతో స్కూళ్ల పేర్ల పక్కన ఇప్పుడు ఇంకో గడి కూడా నింపిస్తున్నాను: ఫెడరల్ పరిమితి పోగా ఏటా మిగిలే లోటు ఎంత, దాని మీద సంతకం ఎవరు చేస్తారు. ఆ గడి నింపలేకపోయిన స్కూలుకు దరఖాస్తు పంపనివ్వడం లేదు.